కుంకుమ భరిణెలో ఉప్పు

ఊరగాయల మీద వరసగా రాయమని అడగడానికి మా ఇంటికి వచ్చిన పత్రిక అమ్మాయి, మజ్జిగ తాగి లేచి, గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగింది. "ముందు మిమ్మల్ని మీరు పాఠకులకు పరిచయం చేసుకోండమ్మా. మీకు ఏమేమి ఇష్టమో, జీవితం ఏం నేర్పిందో నాలుగు ముక్కలు రాయండి, చాలు" అంది. నాలుగు ముక్కలట! నా జాడీ చూసిన వాళ్లెవరూ నన్ను నాలుగు ముక్కలతో సరిపెట్టమని అడగరు.

సరే, రాస్తున్నాను. నా పేరు లక్ష్మీనర్సమ్మ. మాది హన్మకొండ, చౌరస్తా వెనక వాడ. మా ఆయన పేరు నేనెప్పుడూ నోటితో పలకలేదు, రాస్తే తప్పులేదనుకుంటాను: వెంకటయ్య. కిరాణం కొట్టు నడిపేవారు. మాకు పిల్లలు కలగలేదు. ఇక ఇష్టాలంటారా, ఆవాలు దంచేటప్పుడు ముక్కుకెక్కే ఘాటు నాకు ఇష్టం. మిరుగం, అదే మృగశిర కార్తె ముందు వీచే తడిగాలి ఇష్టం. అన్నింటికంటే ఇష్టమైంది, మామిడికాయ తొక్కు కలిపిన తాంబాళంలో అడుగున మిగిలిన కారానికి వేడి అన్నం కలిపి పెట్టే ముద్ద. మీ వైపు ఆవకాయ అంటారేమో, మాకు అది తొక్కే. ఇష్టం లేనిది కూడా చెప్తాను: జాడీ మూత తీసి ముక్కు లోపలికి పెట్టి వాసన చూసేవాళ్లు.

నేర్చుకున్నది మాత్రం ఒక్క ఎండాకాలంలోనే నేర్చుకున్నాను. రెండో ప్రపంచ లడాయి నడుస్తున్న రోజులవి. లడాయి ఎక్కడో సముద్రాల అవతలైనా, బియ్యం, బట్ట, గ్యాసునూనె అన్నీ ఇక్కడ కంట్రోలులోకి వచ్చాయి. మంచినూనె దొరకడమే కష్టం. తొక్కు చెడితే మళ్లీ పెట్టుకునే తాహతు మా వాడలో ఒకరిద్దరికి తప్ప లేదు. పప్పు లేని పూట జాడీయే పప్పు. ఇది గుర్తుపెట్టుకుంటే తర్వాత నేను చెప్పేది మీకు చిన్న విషయంగా అనిపించదు.

మా వాడలో ఒక పద్ధతి ఉండేది. తొక్కు ఎవరింట్లో పెట్టినా మొదటి ఉప్పు వేసే చెయ్యి మా ఇంటిదే కావాలి. ఇంటావిడ కాయ కొట్టించి, కారం, ఆవపిండి, మెంతిపిండి, అల్లం ఎల్లిగడ్డ అన్నీ సిద్ధం చేసుకుని, బొట్టు పెట్టి మమ్మల్ని పిలుస్తుంది. పిలిచిన చెయ్యి పిడికిళ్లతో ఉప్పు, కారం, పిండి కొలిచి కలపాలి. కలిపేటప్పుడు మాట్లాడకూడదు. రుచి చూడకూడదు, చూస్తే ఎంగిలి. మూడోనాడు అదే చెయ్యి మళ్లీ వచ్చి తిరగ కలపాలి. మొదటిరోజు కలిపాక, చెయ్యి కడుక్కోకముందే తాంబాళంలో అన్నం కలిపి ఇంట్లో అందరికీ ముద్దలు పెట్టాలి. ఆ ముద్ద తింటే ఏడాదంతా ఆ జాడీకి బూజు పట్టదని నమ్మకం.

ఆ చెయ్యి ముందు మా అత్త చిలుకమ్మది. మామ పోయాక ఆమెను పిలవడం మానేశారు. నేను కోడలిగా వచ్చేనాటికి వాడంతా ఎవరి చెయ్యి పెట్టించాలో తెలియక తికమకపడుతోంది. పెళ్లైన వారానికే గాజులు తొడిగే ఆమె వచ్చి, నా చేతికి ఏ సైజూ ఎక్కక, "ఇవి కోడలి చేతులా, హమాలి చేతులా?" అని నవ్వింది. ఆడవాళ్లంతా నవ్వారు. అత్త ఒక్కతే నవ్వలేదు. నా అరచెయ్యి తిప్పి చూసి, తన చెయ్యి దాని మీద ఆనించి, "రెండు సమానమున్నయి" అంది. ఆ సాయంత్రమే పెట్టె అడుగునుంచి తన ఇత్తడి కుంకుమ భరిణె తీసి నా చేతిలో పెట్టింది. ఆ ఎండాకాలం నుంచి నన్నే పిలిచారు. నా చెయ్యి పడ్డ జాడీ ఒక్కటి కూడా చెడలేదు. గొప్ప చెప్పుకుంటున్నానంటారేమో. అవును, చెప్పుకుంటున్నాను.

ఆయన పుష్యమాసంలో పోయారు. రెండు రోజుల జ్వరం, దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. కొట్టు మా మరిది యాదగిరి చేతికి వచ్చింది. నా గాజులు, మెట్టెలు, బొట్టు పోయాయి. భరిణెలో మిగిలిన కుంకుమ అత్తే తులసికోటలో పోసి, భరిణె తోమి అటక మీద పెట్టింది. ఏడాది నిండేదాకా ఎవరి గడపా తొక్కకూడదన్నారు. తొక్కలేదు.

వైశాఖం వచ్చింది. ధర్మసాగర్ నుంచి బక్కమ్మ కాయల గంప నెత్తిన పెట్టుకుని వాడలోకి వచ్చింది. ఆమెకు మా వాడతో నా పెళ్లికి ముందునుంచీ బేరం. కత్తిపీటల చప్పుడు ప్రతి ఇంట్లోనూ మొదలైంది. నేను గదిలో గోడకానుకుని కూర్చుని ఆ చప్పుడు విన్నాను. ఏ ఇంట్లో కాయ గట్టిదో, ఏ ఇంట్లో టెంక ముదరలేదో చప్పుడును బట్టే నాకు తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? చేతులు ఊరుకోలేదు. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మూడు ఇళ్ల అవతల ఉండే సమ్మమ్మ ఒకరోజు పొద్దున్నే వచ్చింది. వాడకు పెద్ద ముత్తయిదువ, మాట కరుకు, మనసు మరీ చెడ్డది కాదు. చేతిలో కుంకుమ పళ్లెం ఉంది. నన్ను చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా పక్కనుంచే నడిచి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది.

"శారదా, జర ఇటు రా బిడ్డా. తొక్కుకు చెయ్యి పెట్టాలె" అంది.

శారద నా యారాలు, యాదగిరి భార్య. నెక్కొండ పిల్ల. కాపురానికి వచ్చి ఆరు నెలలు కాలేదు. పిండి చేతులతో బయటికి వచ్చి నావైపు చూసింది.

"నాకు రాదత్తా. అక్కకు వచ్చు" అంది.

"వచ్చుడు రాకపోవుడు గాదు. మీ ఇంటి చెయ్యి, ముత్తయిదువ చెయ్యి. మీ అక్కకు ఇప్పుడెట్లయితది?" అంటూ సమ్మమ్మ శారద నుదుట బొట్టు పెట్టేసింది. వెనకే ఇంకో నాలుగిళ్ల వాళ్లు వచ్చారు. అందరూ శారద నుదుటి మీదే బొట్టు పెట్టారు. ఆ పిల్ల నుదురంతా ఎర్రగా అయింది.

అందరూ వెళ్లాక శారద నా ముందు కూలబడింది. "నేను పోను అక్కా. వాళ్లు నిన్ను దాటి నన్ను పిలిస్తె నేనెట్ల పోత?"

నాకు కోపం వచ్చింది. అయినా అది ఆ పిల్ల మీద కాదు. "పోవాలె. మన ఇంటి చెయ్యి బయటికి పోతే మళ్ల రాదు" అన్నాను. "భయపడకు. తాంబాళం నిండ ముక్కలుంటయి. ఉప్పు ఆరు పిడికిళ్లు, కారం ఆరు, ఆవపిండి నాలుగు. మాట్లాడకు, నాలిక మీద పెట్టుకోకు. గంతే."

నేను ఇంతకంటే ఏం చెప్పాలి? నాకు అత్త చెప్పింది కూడా ఇంతే. శారద అయిదిళ్లు తిరిగి, మోచేతిదాకా ఎర్రటి చేతులతో మధ్యాహ్నానికి వచ్చింది. "అన్నీ నువ్వు చెప్పినట్లే చేసిన అక్కా. ఒక్క పిడికెడు గూడ తప్పలే" అంది. ముఖం వెలిగిపోతోంది. నాకూ ఒకరకంగా సంతోషమే అనిపించింది. పూర్తిగా సంతోషమని అంటే అబద్ధం.

మర్నాడు సాయంత్రం బక్కమ్మ ఖాళీ గంపలు ఏరుకుంటూ మా అరుగు మీద కూర్చుంది. నీళ్లు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే ఎదురింటికి మాత్రమే వినపడుతుంది.

"ఓ నర్సమ్మా, ఒక ముచ్చట చెప్పాల్నా వద్దా అంటాన. సమ్మమ్మ ఇంట్ల తొక్కు ఊట రాలే. ముక్క తెల్లగ తేలింది. మిగిలిన నాలుగిళ్లల్ల గూడ గంతే. ఒక తీరు వాసన గూడ మొదలైంది."

"కాయ ముదరలేదేమో" అన్నాను.

"నా కాయనా! నా కాయను అంటవా? రాయి లెక్క ఉన్నది నా కాయ." బక్కమ్మకు ముక్కు మీదే కోపం. తర్వాత ఇంకా గొంతు తగ్గించింది. "వాళ్లంటాన్రు, కొత్తకోడలి చెయ్యి మంచిది గాదని. ఆమె వచ్చినంకనే ఈ ఇంట్ల మొగాయన పోయిండు, ఇప్పుడు తొక్కు గూడ చెడ్డదని. నేను అనలే తల్లీ. వాళ్లంటాన్రు."

లోపల ఏదో గిన్నె కింద పడింది. శారద విన్నది.

ఆ మాట ఒకసారి వాడలో నిలిచిందంటే ఇక పోదు. ఆ పిల్లను పెళ్లికి పిలవరు, సీమంతానికి పిలవరు, ఎవరి పసిబిడ్డ మీదా చెయ్యి వెయ్యనియ్యరు. ఇంట్లో ఏ దీపం ఆరిపోయినా ఆమె పేరే చెప్తారు. పదిహేడేళ్ల పిల్ల, ఇంకా ఎంత బతకాలి! నన్ను పక్కన పెట్టినందుకు జాడీలు పొంగిపోతే పోనీ అని నాకు అనిపించవచ్చు. కానీ ఇప్పుడు ఆ జాడీలలో ఉన్నది వాళ్ల తొక్కు కాదు, మా శారద పేరు.

శారద వంటింటి మూలన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడుస్తోంది. "నా చెయ్యే మంచిది గాదక్కా. బావ గూడ నా వల్లనే పోయిండంటాన్రు."

"నోర్ముయ్యి" అన్నాను. అంత గట్టిగా అనాల్సింది కాదేమో. కానీ ఆ మాట ఆమె నోట వినలేకపోయాను. "నువ్వు ఎన్ని పిడికిళ్లు పోసినవో మళ్ల చెప్పు."

"ఉప్పు ఆరు, కారం ఆరు, ఆవపిండి నాలుగు. నువ్వు చెప్పినట్లే."

నాకేమీ అర్థం కాలేదు. లెక్క సరిగ్గా ఉంది. ఉప్పు మా కొట్టుదే, మంచిది. మా ఇంటి జాడీకి నేనే అదే ఉప్పు వేసి పెట్టాను, దానికి ఊట గలగలా వచ్చింది.

అత్త ఆ మూల పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాకు కొలతలు నేర్పిన తర్వాత తొక్కుల ముచ్చట వచ్చినప్పుడు ఆమె నోరు విప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు చింతపండు పక్కకు పెట్టింది.

"శారదా, ఇట్ల రా. నీ చెయ్యి చూపియ్యి."

శారద భయంభయంగా చెయ్యి చాపింది. అత్త నా చెయ్యి కూడా లాగి, రెండూ పక్కపక్కన పెట్టింది. శారద చెయ్యి నా అరచేతిలో సగానికి కొంచెం పైన ఆగిపోయింది. ఆ చేతికి ఉన్నవి చిన్నపిల్లల గాజులు. గాజులామె మూడు సైజులు మార్చి, చివరికి పిల్లల పెట్టెలోంచి తీసి తొడిగిందని నాకప్పుడు గుర్తొచ్చింది.

"ఉప్పు తెండి" అంది అత్త.

తెచ్చాం. నా పిడికెడు ఒక పళ్లెంలో పోశాను. శారద తన పిడికెడు ఇంకో పళ్లెంలో పోసింది. ఇంకోటి పోసింది. నా కుప్పను అందుకోవడానికి ఆమెకు రెండో పిడికెడులో సగం పట్టింది. ముగ్గురం ఆ రెండు కుప్పలను చూశాం. ముందు అత్త నవ్వింది. తర్వాత నేను. శారద ఏడుస్తూనే నవ్వింది.

"ఆరు పిడికిళ్లు పోసిన అంటివి. నీ ఆరు మాకు నాలుగు" అంది అత్త. "చెయ్యి మంచిది గాకపోవుడేంది, చెయ్యి చిన్నది! ఇంక రెండు పిడికిళ్ల ఉప్పు పడాలె. కారం, పిండి గూడ గట్లనే లెక్క జూసి పొయ్యాలె. రేపు మూడోనాడు. ఇంకా చేతుల్లనే ఉన్నది."

"నేనే పోత" అన్నాను.

"పోవద్దు." అత్త గొంతు మెత్తగానే ఉంది, కానీ కదలనిచ్చేలా లేదు. "ఏడాది నిండలే. నువ్వు పోతె వాళ్లు జాడీ చూడరు, నిన్ను చూస్తరు. పిలువని గడప నువ్వు తొక్కద్దు బిడ్డా. నీ చెయ్యినే పంపుదాం."

చెయ్యిని ఎలా పంపుతాం? నా పిడికెడు సరిగ్గా పట్టే గిన్నె ఏదైనా కావాలి. వంటింట్లో గిన్నెలన్నీ దించాం. ఒకటి పెద్దది, ఒకటి మరీ చిన్నది. గంధం గిన్నెలో సగమే పట్టింది. కొట్టులోని కొలతలేవీ సరిపోలేదు. చివరికి అత్త అటక వైపు చూసింది.

"అది దింపు" అంది.

శారద నిచ్చెన ఎక్కి భరిణె దించింది. ఇత్తడి మీద దుమ్ము పట్టింది. తుడిచి, నా పిడికెడు ఉప్పు అందులో పోశాను. అంచుదాకా వచ్చి ఆగింది. ఒక్క ఉప్పుగల్లు కూడా కింద పడలేదు.

"కుంకుమ భరిణెల ఉప్పు పోస్తరా అత్తమ్మా?" అంది శారద, బిత్తరపోయి.

"కుంకుమ లేనప్పుడు అది వట్టి గిన్నెనే" అంది అత్త. "ఊకె అటక మీద కూసుండి ఏం జేస్తది? పని జేయనియ్యి."

మర్నాడు పొద్దున శారద భరిణె కొంగులో కట్టుకుని వెళ్లింది. ఆమె తిరిగి వచ్చేదాకా నేను ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చానో నాకే తెలియదు. అత్త మాత్రం చింతపండు గింజలు తీస్తూనే ఉంది. గింజలు గిన్నెలోనూ చింతపండు చాటలోనూ పడాల్సింది, అటూ ఇటూ మారిపోతున్నాయి. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

శారద పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పడానికి ఊపిరి అందడం లేదు.

"సమ్మమ్మత్త ఇంట్లకు పోయిన అక్కా. ఆమె నన్ను గుమ్మంల్నే ఆపింది. 'నువ్వు మళ్ల చెయ్యి పెట్టద్దు పిల్లా, ఉన్నది గూడ పోతది' అన్నది. నేను భరిణె తీసిన. గుర్తువట్టింది. 'ఇది చిలుకమ్మ భరిణె గదా, ఇందుల ఉప్పేంది?' అన్నది. ఇద్దరి చేతుల సంగతి చెప్పాల్నని యాదికి రాలే. 'ఇది మా అక్క చెయ్యి' అన్న."

"తర్వాత?"

"జాడీ దిక్కు చూసింది, భరిణె దిక్కు చూసింది. 'పొయ్యి' అన్నది. పోసిన. మిగిలిన నాలుగిళ్లల్ల గూడ భరిణెతోని కొలిచి పోసిన. అందరికి చేతుల సంగతి చెప్పిన. గాజులు గూడ చూపిచ్చిన."

రెండు రోజులకు అయిదిళ్లలోనూ ఊట వచ్చింది. బక్కమ్మ వచ్చి, ఈసారి గొంతు ఏమాత్రం తగ్గించకుండా, వాడ వాడంతా వినేలా చెప్పింది. తెల్లగా తేలిన ముక్క ఎర్రబడిందని, నూనె పైకి తేలిందని, తన కాయను అనుమానించిన వాళ్లు సిగ్గుపడాలని. శారద చెయ్యి మంచిది కాదన్న మాట ఎక్కడ పుట్టిందో అక్కడే పోయింది. ఇప్పుడు అందరూ ఆ పిల్ల చేతిని పట్టుకుని చూసి నవ్వుతున్నారు. అలాంటి నవ్వు ఎంతైనా నవ్వనీ.

ముచ్చట ఇక్కడితో ముగిసి ఉంటే నేను కూడా తృప్తిపడేదాన్నేమో. కానీ పది రోజులు తిరక్కుండానే సమ్మమ్మ మళ్లీ వచ్చింది. ఆమె కొడుకు మల్లికార్జున్ పెళ్లి కుదిరింది. పెళ్లికి పెద్ద జాడీ తొక్కు కావాలి. ఈసారి పళ్లెం లేదు. అరుగు మీద కూర్చుని, నావైపు చూడకుండా అడిగింది.

"ఆ భరిణె జర రెండు రోజులు ఇయ్యి నర్సమ్మా. పనైనంక పంపుత."

"ఇయ్య వదినా" అన్నాను.

"ఏమాయె? గింత ఇత్తడి ముక్కకు గింత గీరనా?"

"అది ఇత్తడి ముక్క గాదు, నా చెయ్యి. మొన్న శారద పేరు పోతాంది గాబట్టి పంపిన. ఇప్పుడు ఎవరి పేరూ పోతలేదు. చెయ్యి గావాలంటే మనిషిని పిలువాలె."

సమ్మమ్మ ముఖం గంటుపెట్టుకుంది. "ఏడాది నిండలే. పైంగ నువ్వు... నీకు తెల్వదా? పెళ్లి తొక్కు. లోకం ఏమంటది?"

"లోకం మొన్న నా ఉప్పు తిన్నది వదినా. ఏమన్న అన్నదా?"

సమ్మమ్మ శారద వైపు తిరిగింది. "అయితె నువ్వే రా పిల్లా. ఈసారి లెక్క జూసి ఎక్కువ పొయ్యి."

శారద గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆరు నెలల కిందట ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు గట్టిగా తుమ్మడానికి కూడా భయపడిన పిల్ల. "నా చెయ్యి చిన్నదత్తా. పెళ్లి జాడీకి సరిపోదు" అంది.

సమ్మమ్మ లేచి వెళ్లిపోయింది. పోతూ పోతూ మా ఇంటి ఆడవాళ్ల నోళ్ల గురించి ఏదో అంది. అంటే అననీ.

ఆ రాత్రి యాదగిరి అన్నం తింటూ, "వదినా, సమ్మమ్మ వాళ్లు మన పాత గిరాకి. జర చూసుకోవాలె" అని నసిగాడు. నేను మాట్లాడేలోపే అత్త అందుకుంది. "గిరాకి కొట్ల చూస్కో. ఇది ఇల్లు" అంది. అతను తలవంచుకుని మజ్జిగ పోసుకున్నాడు.

రోహిణి ఎండలు మండిపోయి, మిరుగం దగ్గరపడింది. ఆకాశంలో ఒక మూలన నల్లగా కమ్ముతోంది. వానపడితే ఇక ఆ ఏటికి తొక్కు పెట్టడం ఉండదు. తడిగాలి తగిలిన కాయ నిలవదు. నాకు ఆ గాలి ఇష్టమని ముందే చెప్పాను. ఆ రోజు మాత్రం ఇంకొంచెం ఆగితే బాగుండనిపించింది.

పొద్దెక్కక ముందే సమ్మమ్మ వచ్చింది. అరుగు మీద కూర్చోలేదు. లోపలికి వచ్చి, నా ఎదురుగా నిలబడింది. ఆమె అలా నిలబడగా నేను ఎప్పుడూ చూడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా ఉంది.

"కాయ కొట్టిచ్చిన" అంది. "అంత తయ్యారుగున్నది. పొద్దుగాల లేచి కుంకుమ పళ్లెం పట్టుకున్న. పట్టుకున్నంక యాదికొచ్చింది, నీకు బొట్టు పెట్టరాదు గదా. పళ్లెం అక్కడ పెట్టిన. ఉత్త చేతుల్తోని పిలుద్దామంటే మనసొప్పలే. బొట్టు లేని ఆడిదాన్ని ఎట్ల పిలువాల్నో మాకెవ్వరు నేర్పలే నర్సమ్మా."

కొంగులోంచి ఒక మామిడికాయ తీసింది. ముచ్చికతో సహా, పచ్చగా, బరువుగా ఉంది. నా అరచెయ్యి తెరిచి అందులో పెట్టింది.

"ఇదే బొట్టనుకో. రా" అంది.

నాకు ఏడుపు రాలేదు. గర్వంతో ఛాతీ నిండిపోయింది. ఆయన పోయిన తర్వాత ఎవరైనా నా చేతిలో ఏదైనా పెట్టడం అదే మొదలు. ఆ కాయను అలాగే పట్టుకుని లేచాను. అప్పుడు మూలన పీట మీద అత్త కనిపించింది. నావైపు కాదు, ఆ కాయ వైపు చూస్తోంది. ఆమెను ఇలా ఎవరూ పిలవలేదు. మామ పోయినప్పుడు ఆమెకు అప్పటి నా వయసే ఉంటుంది. చెయ్యి అలాగే ఉంది, పిలుపు ఆగిపోయింది. ఆమె అడగలేదు, భరిణె మాత్రం దాచిపెట్టి నాకు ఇచ్చింది.

"వస్త వదినా" అన్నాను. "గని మొదటి చెయ్యి నాది గాదు. మా అత్తది."

అత్త చింతపండు చాట కింద పెట్టేసింది.

"ఒద్దు బిడ్డా. నా చెయ్యి వణుకుతాంది. ముసలి చెయ్యి."

"వణికితె నేను పట్టుకుంట" అన్నాను. కాయ తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాను.

సమ్మమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. బయట గాలి మొదలైంది. "ఇద్దరు రాండ్రి చిన్నమ్మా. జల్ది రాండ్రి, వానొస్తది" అంది. ఆ మాటతో వాడలో ఏం మారిందో ఆమెకు తెలిసినట్టు లేదు. తెలిస్తే అనేది కాదేమో.

ఏడాది నిండకముందే నేను గడప దాటాను. ముందు అత్త, పక్కన నేను, వెనక శారద. వాడలో గుమ్మాల దగ్గర ఆడవాళ్లు నిలబడ్డారు. నేను తలవంచుకోలేదు. సమ్మమ్మ ఇంట్లో తాంబాళం నిండా ముక్కలు, పక్కన ఎర్రటి కారం, పసుపుపచ్చని ఆవపిండి. ఆ ఘాటు తగలగానే అత్త కళ్లలో నీళ్లు తిరిగాయి. ఘాటుకే అనుకుందాం.

ఆమె కూర్చుని ఉప్పులో చెయ్యి పెట్టింది. పిడికిలి మూసింది. వణికింది. కింద నా చెయ్యి పట్టాను, జారిన గల్లులు నా అరచేతిలో పడ్డాయి. మొదటి పిడికెడు వేసేసరికి వణుకు తగ్గింది. రెండోది, మూడోది వేసేసరికి ఆమె నన్ను మోచేత్తో పక్కకు తోసేసింది. ఆ తోపుకు నేను పొంగిపోయాను. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడకూడదు కదా. ముక్కలను అడుగునుంచి పైకి తిప్పుతూ, నూనె పోయిస్తూ, ఆమె చేతులు ఎన్నేళ్లో ఆగినట్టు లేవు.

జాడీకి ఎత్తాక సమ్మమ్మ వేడి అన్నం తెచ్చి తాంబాళంలో కుమ్మరించింది. అత్త కడుక్కోని చేత్తోనే కలిపింది. అన్నం ఎర్రగా అయింది. మొదటి ముద్ద చేసి పైకెత్తింది. ముత్తయిదువలు అయిదారుగురున్నారు. పెళ్లింట్లో, బొట్టు లేని చేతిలోంచి ముద్ద ఎవరు ముందు తీసుకుంటారు?

శారద అడుగు వేయబోయింది. నేను కొంగు పట్టి ఆపాను. అది మా ఇంటి పిల్ల, తీసుకుంటే లెక్కకు రాదు.

సమ్మమ్మ ముందుకు వచ్చి కూర్చుని, చెయ్యి చాపింది. ముద్ద నోట్లో పెట్టుకుని, కారానికి ముక్కు ఎగపీల్చి, "ఉప్పు సరిపోయింది చిన్నమ్మా" అంది. ఆ వెనక ఒక్కొక్క చెయ్యీ వచ్చింది. తాంబాళం ఖాళీ అయ్యేదాకా వస్తూనే ఉన్నాయి.

అప్పటి నుంచి మా వాడలో తొక్కుకు పిలవాలంటే కాయ చేతిలో పెట్టి పిలుస్తున్నారు, బొట్టున్నా లేకపోయినా. భరిణె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో ఉప్పే ఉంటుంది.

నాకు అన్నింటికంటే ఇష్టమైంది తాంబాళంలో ముద్ద అని ముందే రాశాను. ఆ రోజు అడుగున ఒక్క ముద్ద మిగిలింది. అత్త దాన్ని చేసి, నాకు ఇష్టమని తెలుసు కనుక, నా వైపు చాపింది. నేను ఆమె మణికట్టు పట్టుకుని ఆ చెయ్యిని ఆమె నోటికే తిప్పాను. ఆ ఏడు నేను ముద్ద తినలేదు. కడుపు మాత్రం నిండింది.